శ్యామల తాగిన రంగునీళ్ళు

గురువారం

రొయ్యల చెరువులో నీళ్ళు నాలుక మీద వేసుకుని ఉప్పెంతో చెప్పేవాణ్ణి. ఉప్పు కొలిచే మీటరు కొన్న రోజున మా కామందు ఇక నీ నాలుకతో పనేముందని నన్ను చూసి నవ్వాడు. ఇన్నేళ్ళయినా ఆ నవ్వు నాకు అరగలేదు.

ఈ రోజు కబడ్డీ ఆడుతూ మనవరాలు శ్యామల చెమటతో తడిసిపోయింది. వాళ్ళ కబడ్డీ మాస్టారు బలానికని డబ్బాలోని పొడి కలిపి రంగునీళ్ళు ఇచ్చారు. ఒక చుక్క నోట్లో వేసుకుని చూశాను. ఉత్త పాకం.

"ఇంత చిక్కగానా మాస్టారూ? చెమటలో పోయింది ఉప్పూ నీళ్ళూ కదండీ. ఇంత తీపి పడితే కడుపు ఒంట్లో నీళ్ళే లాగేస్తదండి."

"పొడి రెట్టింపేశానండి, బలమూ రెట్టింపే. ఇదేమన్నా రొయ్యల చెరువా తాతగారూ?"

పిల్లలంతా నవ్వారు. నేను పక్కకి తప్పుకున్నాను. శ్యామల తాగింది. ఆట మధ్యలో కడుపు పట్టుకుని వాంతి చేసుకుంది. సత్తువ లేని పిల్ల అని చెప్పి జిల్లా జట్టులోంచి దాని పేరు కొట్టేశారు.

ఇప్పుడు గోడవైపు తిరిగి పడుకుంది. "తెలిసి కూడా ఎందుకు తాగనిచ్చావు తాతా?" అని ఒక్కసారే అడిగింది.

ఆ మాట నేను మాస్టారిని అడగాలి. డబ్బా మీద ఇంగ్లీషులో ఉన్న కొలత నాకు చదవడం రాదు. ఆయనకి వచ్చు. చదివారా, లేదా? సోమవారం జట్టు బయల్దేరే లోపల ఆయన నాకు చెప్పి తీరాలి.