హనోయిలో కొరికిన గింజలు

తమ్ముడు సదానందానికి, హనోయి నుంచి అక్క వినోద. క్షేమంగానే ఉన్నాను, ఫికర్ పెట్టుకోకు.

నిన్న ఇక్కడి మార్కెట్లో, మన వడ్ల వ్యాపారం అలవాటుకొద్దీ, బియ్యం బస్తాలో చెయ్యి పెట్టి రెండు గింజలు కొరికాను. అమ్మే ఆమె నవ్వి ఇంకో బస్తా విప్పింది. ఆరు రకాలు కొరికి చూసేసరికి మా టూరు బస్సు వెళ్లిపోయింది. మన దగ్గరి నుంచే వెంట వచ్చిన గైడు మనుషుల్ని జంటలుగా లెక్కపెడతాడట. జంట లేకుండా వచ్చింది నేనొక్కదాన్నే. అరగంటకు తిరిగొచ్చి, "జర మాఫ్ చెయ్యున్రి మేడం" అన్నాడు. "ఆగు బిడ్డా, ఇంకో బస్తా ఉన్నది" అన్నాను.

కేసముద్రం యార్డుకు కొత్త వడ్లు వచ్చాయా? కొరకకుండా ధర చెప్పకు. మరదలికి, పిల్లలకు దీవెనలు.

"ఒక్కదానివే ఎట్ల పోతవక్కా?" అన్నావు కదా, ఇప్పుడు బస్సులో లెక్క నాతోనే మొదలుపెడుతున్నారు.