పదహారో పేజీ

చెల్లీ,

ఈ ఉత్తరం తెచ్చినాయన మా పక్కింటి వ్యాన్ డ్రైవరు, నమ్మకస్తుడు. చదవగానే ఆయనతోనే బయల్దేరు. ఆసుపత్రికి రెండుసార్లు ఫోన్ చేస్తే, డ్యూటీలో ఉన్నావని పెట్టేశారు.

తప్పు నాదే. మన కాలేజీ పత్రికలో పూర్వ విద్యార్థుల విజయాల పేజీ ఏటా నేనే రాస్తానుగా. చిన్న కాలేజీ, ఎవరికి ఉద్యోగమొచ్చినా మాకు అదే పెద్ద వార్త. నీకు ఉత్తమ నర్సు బహుమతి వచ్చిందని తెలిశాక నా కాలు నేల మీద నిలవలేదు. మీ ఆయన దెబ్బలు తప్పించుకుని నువ్వు ఇల్లు వదిలిన ఈ మూడేళ్లూ ఎవరి దగ్గరా నీ ఊసెత్తనిదాన్ని, పదహారో పేజీలో నీ ఫొటో, ఆసుపత్రి పేరు, ఊరు అన్నీ వేయించాను.

పత్రిక పాత విద్యార్థులందరికీ పోస్టులో వెళ్తుంది. చిరునామా చీటీలు అతికించేదీ నేనే. రెండొందల చీటీలు చకచకా అతికించుకుంటూ పోయాను. మీ ఆయన కూడా ఇక్కడే చదివాడన్న సంగతి బుర్రకు తట్టలేదు. అతని చీటీ నా చేత్తోనే అతికించాను తల్లీ.

ఇవాళ పదకొండింటికి మా కాలేజీ ఆఫీసుకు వచ్చాడు. నవ్వుతూనే ఉన్నాడు.

"వదినగారూ, పత్రిక చాలా బాగుంది. నేను చదివేశాను, మీరే ఉంచుకోండి" అని నా బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు. నీ గురించి ఒక్క మాటా అడగలేదు. హమ్మయ్య, చూసుండడులే అనుకుని పత్రిక తిరగేశాను.

పద్నాలుగో పేజీ తర్వాత పదిహేడు ఉంది. మధ్య కాగితం బ్లేడుతో నీటుగా కోసి ఉంది.

అక్క