ముంజేతి మీది మచ్చ

అమ్మకు నమస్కారాలు.

ఇక్కడ అందరం కులాసాగా ఉన్నాం. అక్కడ నీతోపాటు నీ మోకాలు కూడా కులాసాగానే ఉందనుకుంటాను. మీ అల్లుడుగారు కొత్త కళ్లజోడు పెట్టుకున్నారు. ఇంట్లో ఇంత దుమ్ముందని ఇన్నాళ్లూ తెలియలేదంటూ చీపురు పట్టారు. నేను అడ్డు చెప్పలేదు.

బొల్లికి మందు కనిపెడుతున్నామంటూ సగంమందికి మందే లేని ఆయింట్‌మెంట్ ఇవ్వడం మోసం కాదా అని పోయిన ఉత్తరంలో అడిగావు. మందు పరీక్షలో చేరేముందే అందరికీ ఆ సంగతి చెబుతాం. ఎవరికి ఏది వెళ్లిందో వాళ్లకూ తెలియదు, చూసే డాక్టర్లకూ తెలియదు. తెలిస్తే ఆశ కళ్లకు అడ్డం పడుతుంది, రాని రంగు కూడా వచ్చినట్టే కనిపిస్తుంది. మందు పనిచేసిందని తేలితే ఆఖరున మిగతావాళ్లకూ అదే ఇస్తాం. ఇప్పుడు మనసు కుదుటపడిందా?

ఇక ఈ వారం సంగతి. కొత్త పరీక్ష ఎలా నడపాలో తేల్చుకోవడానికి కూర్చున్నాం. మందు పనిచేసిందని దేన్నిబట్టి చెప్పాలన్న దగ్గర బండి ఆగిపోయింది. మచ్చలో పావువంతు రంగు తిరిగొస్తే చాలన్నారు మా పెద్ద డాక్టరుగారు. కొలవడానికి అదే సులువు. బొల్లి ఉన్నవాళ్ల తరఫున సలహా చెప్పడానికి ఈత నేర్పే ఆవిడ ఒకరు వచ్చారు. పావువంతు రంగొస్తే తన చెయ్యి సగం రంగేసి వదిలేసిన గోడలా ఉంటుందని, జనం ఇంకాస్త ఎక్కువగా చూస్తారని ఆవిడ చెప్పారు. అది అభిప్రాయమే గానీ కొలత కాదని ఆయన మెల్లగా అన్నారు. ఆవిడ బల్ల చుట్టూ చూసి, "ఈ గదిలో ఇది ఉన్నది నాకొక్కదానికేనా?" అని అడిగారు.

నేను చొక్కా చెయ్యి పైకి మడిచాను.

అవునమ్మా. రెండేళ్లయింది. మణికట్టు దగ్గర మొదలై ముంజేతి మీదికి పాకింది. మీ అల్లుడుగారికి తప్ప ఎవరికీ చెప్పలేదు. చిన్నప్పుడు స్నానం చేయించి తల తుడిచేటప్పుడు నన్ను కిటికీ వైపు తిప్పి వీపు, మెడ, చెవుల వెనక వెతికేదానివి. ఎందుకో పెద్దయ్యాక అర్థమైంది. నీ మచ్చల గురించి ఎవరేమన్నా దులిపేసుకునే నువ్వు, నా ఒంటిమీద ఒక్కటి కనిపిస్తే తట్టుకోలేవని భయపడ్డాను.

ఆవిడ లేచి వచ్చి తన చెయ్యి నా చేతి పక్కన పెట్టి, "మీ మచ్చ ఇంకా పసిపిల్లేనండీ" అన్నారు. గదంతా నవ్వేసింది. పెద్ద డాక్టరుగారు, "మరి మందు పనిచేసిందని దేన్నిబట్టి చెప్పాలంటారమ్మా?" అని నన్నడిగారు. మచ్చ మునుపటికన్నా తక్కువగా కనబడుతోందా లేదా అని అది మోస్తున్నవాళ్లనే అడగమన్నాను. రంగు కొలతతో సమానంగా ఆ ప్రశ్నా ఉండాలని సాయంత్రానికి తేలింది. ఆవిడ, నేను టీ తాగి ఇళ్లకు వెళ్లాం. నేను చొక్కా చెయ్యి దించుకోవడం మరిచిపోయాను.

పరీక్ష నడిపేది మేమే కాబట్టి నేను అందులో చేరడానికి లేదు. వేరే డాక్టరు రాసిన మందు రాసుకుంటున్నాను. కొద్దికొద్దిగా రంగొస్తోంది. రాని చోట కూడా నాకు బెంగ లేదు.

ఇక్కడిదాకా చదివేసరికి నిన్ను నువ్వు తిట్టుకోవడం మొదలుపెట్టి ఉంటావు. ఇది నీ నుంచే వచ్చిందో లేదో, ఇంత చదివిన నాకూ తెలియదు. నీ ముక్కు వచ్చింది, నీ గురక వచ్చింది, నీ మొండితనమూ వచ్చింది. వాటికెప్పుడైనా నన్ను క్షమించమన్నావా? దీనికీ అనకు.

ఇట్లు,
అన్నిటా నీ పోలికే అయిన
నీ పెద్దమ్మాయి