పన్నెండో రోజు

ఏవండీ,

మీరు డ్యూటీ దిగి ఇంటికొచ్చిన అరగంటకి, నాలుగున్నరకి నిహారిక స్కూలు నుంచి వస్తుంది. పాలు వేడి చేసి ఇవ్వండి. హోంవర్కులో భిన్నాల కూడికలున్నాయి. హారాలు నాలుగు, ఆరు వస్తే రెంటినీ గుణించి ఇరవై నాలుగు వేసేస్తోంది. తప్పు కాదు గానీ, పన్నెండు సరిపోతుందని దగ్గర కూర్చుని చెప్పండి.

క.సా.గు. అర్థం కావడం లేదంటే నిన్న మన సెలవులతోనే చెప్పాను. ఐసు ఫ్యాక్టరీలో నాన్నకి నాలుగు రోజులకోసారి, ఆసుపత్రిలో నాకు ఆరు రోజులకోసారి సెలవు కాబట్టి పన్నెండో రోజు ఇద్దరికీ కలుస్తుందన్నాను. పిల్ల క్యాలెండరు చూసి, "మరి ఆ రోజుల్లో నాన్న ఎప్పుడూ ఇంట్లో లేరేంటమ్మా?" అంది. ఓనరు సెలవివ్వడం లేదని మీరు చెప్పిందే చెప్పాను.

ఇవాళా అదే మాట చెప్పి కైకలూరులో డ్యూటీకి వెళ్లారు. క్యారేజీ మరిచిపోయారని ఫ్యాక్టరీకి ఫోన్ చేస్తే, మీతో పనిచేసే హరిప్రసాద్ గారు తీశారు. "సెలవివ్వకపోవడమేంటండీ? ఆయనే మూడు నెలలుగా మీకు సెలవున్న రోజు చూసి మాతో డ్యూటీ మార్చుకుంటున్నారు. ఇంట్లో ఉంటే మాటలు పడాలంటారండీ" అన్నారు.

నేను మాటలన్నాను, కాదనను. కానీ ఇన్నాళ్లూ మీకు విశ్రాంతి లేదని జాలిపడి, మీకిష్టమైన కూర వండి దాచానండీ. అదే ఎక్కువ బాధగా ఉంది.

ఇంట్లో ఉండబుద్ధి కాక, మా ఆసుపత్రిలో నాగదుర్గ బదులు డ్యూటీకి వెళ్తున్నాను. ఎనిమిదింటికి వస్తాను.

సత్యవేణి

నిహారికకి నా నోటితో మీ అబద్ధం చెప్పించారు. నిజం మీరే చెప్పండి.