పక్కటెముకల కింద

12 ఆగస్టు 1997, మంగళవారం

ఆయనకి ఎక్కిళ్ళు తగ్గలేదు. ఆదివారం కూటంలో మొదలయ్యాయి. ప్రార్థన మధ్యలో ఆగి, నీళ్ళు తాగి, మళ్ళీ అందుకున్నారు. పిల్లలు నవ్వారు. పాస్టరైతే మాత్రం ఎక్కిళ్ళు రాకూడదా అని నేనూ నవ్వాను. ఇవాళ నవ్వు రావడం లేదు.

అత్తయ్య పంచదార నోట్లో వేశారు. ఎవరో గట్టిగా తలుచుకుంటున్నారట.

14 ఆగస్టు, గురువారం

అన్నం సహించడం లేదు. ఒళ్ళు కాలుతోంది. రొమ్ము ఎముక చివరి నుంచి కుడి డొక్క దాకా నొప్పి అంటున్నారు. కుడి భుజం కూడా లాగుతోందట. ఊళ్ళో డాక్టరు గ్యాస్ అని మాత్రలిచ్చాడు.

ఎనిమిదో తరగతికి శ్వాసక్రియ పాఠం చెప్పేది నేనే. డయాఫ్రం అంటే ఛాతీకీ పొట్టకీ మధ్య గొడుగులాంటి కండరం. కిందికి దిగితే గాలి లోపలికి, పైకి లేస్తే బయటికి. బోర్డు మీద బొమ్మ వేస్తాను. ఇన్నేళ్ళలో ఆ బొమ్మకి ఎప్పుడూ నొప్పి పుట్టలేదు.

17 ఆగస్టు, ఆదివారం

ప్రసంగం చెయ్యలేకపోయారు. సంఘపెద్ద ముసలయ్య గారు వాక్యం చదివి ముగించేశారు.

అయ్యగారు నెలనెలా యానాం వెళ్తారు కదా, అక్కడ మందు చవక కదా అని ఆడవాళ్ళ వైపు ఎవరో అన్నారట. అక్కడే కూర్చున్న మా పక్కింటి చిట్టెమ్మ వచ్చి చెప్పింది. ఆయన వెళ్ళేది అక్కడి కూటానికి. నాకు తెలుసు. తెలుసని రాసుకుంటున్నాను.

18 ఆగస్టు, సోమవారం. రాజమండ్రి

ఎక్స్‌రేలో కుడివైపు డయాఫ్రం పైకి లేచి ఉంది. కింద నుంచి ఏదో నెడుతోందన్నారు డాక్టర్ భాస్కరం గారు. స్కానింగ్ చేశారు. లివర్‌లో గడ్డ.

ఆ తర్వాత నాకేమీ వినపడలేదు. మా నాన్నకీ గడ్డ అనే అన్నారు. నెల తిరక్కుండా పోయారు. అత్తయ్య నా చెయ్యి గిల్లారు. చీము గడ్డ అంటున్నారు, సరిగ్గా విను అన్నారు. అది డయాఫ్రాన్ని ఒరుసుకుంటోందట, అందుకే ఎక్కిళ్ళట. పైకి పగిలితే ఛాతీలోకి వెళ్తుందట. రేపు సూదితో తీస్తారట.

మందు అలవాటుందా అని డాక్టరు గారు అడిగారు. ఆయన లేదన్నారు. నేను ఆయన మొహంలోకి చూశాను. నేను చూడటం ఆయన చూశారు.

తాగేవాళ్ళకి ఎక్కువ వస్తుందట. తాగని వాళ్ళకి నీళ్ళ వల్ల కూడా వస్తుందట. ఆ రెండో మాట నేను చూసిన తర్వాత చెప్పారు.

సాయంత్రం 5

ప్రార్థన చేద్దామంటే మాటలు రావడం లేదు. ఎక్కిలి కోసం ఎదురుచూస్తున్నాను. అది వినిపిస్తే ఆయన ఉన్నట్టు.

19 ఆగస్టు, మంగళవారం. ఉదయం

లోపలికి తీసుకెళ్తుంటే నన్ను దగ్గరికి రమ్మన్నారు. ఎక్కిళ్ళ మధ్య ముక్కలు ముక్కలుగా అన్నారు.

"నువ్వూ అనుకున్నావు కదా, రెబెక్కా."

"అనుకున్నానండి."

స్ట్రెచర్ కదిలింది. అబద్ధం చెప్పి పంపాల్సిందేమో. తలుపు వేసేశారు.

మధ్యాహ్నం

సీసా నిండా చాక్లెట్ రంగు చీము. నర్సు తెచ్చి చూపించింది. మళ్ళీ నిండొచ్చు, చూడాలి అన్నారు డాక్టరు గారు.

ఆయన కళ్ళు తెరిచారు. నన్ను కాకుండా వాళ్ళమ్మని అడిగారు మంచినీళ్ళు.

20 ఆగస్టు, బుధవారం

ఎక్కిళ్ళు ఆగాయి. ఎప్పుడు ఆగాయో తెలియదు. కాఫీ తెస్తుంటే వార్డులోంచి చప్పుడు లేదు. ఫ్లాస్క్ వదిలేసి పరిగెత్తాను. భుజం పట్టి కుదిపేశాను. నిద్రపోతున్నారు. నర్సు తిట్టింది. మళ్ళీ కళ్ళు మూసుకుంటూ ఆయన అన్నారు.

"నీ స్థానంలో ఉంటే నేనూ అనుకునేవాణ్ణే."

29 ఆగస్టు, శుక్రవారం

స్కానింగ్‌లో గడ్డ చిన్నదైంది. ఇంటికి పంపారు. బస్సులో కిటికీ పక్కన నిద్రపోయారు. ఆయన పక్కటెముకల కింద అరచెయ్యి పెట్టి కూర్చున్నాను. పక్క సీట్లో ఆవిడ మొహం తిప్పుకుంది. మేం దిగాల్సిన రావులపాలెం వచ్చేదాకా చెయ్యి తియ్యలేదు.