మైకు నా నోటి ఎత్తునే ఉండాలి

చెల్లీ,

హాల్లో అట్టపెట్టెలో మైకు తగిలించే కొత్త ఆర్మ్ ఉంది. నేను వచ్చేలోపు నా రికార్డింగు గదిలో బిగించెయ్. బల్లకి మాత్రం బిగించకు, నువ్వు కాలు ఊపే చప్పుడు కూడా అందులో పడుతోంది. గోడ మీద పెన్సిల్‌తో గుర్తు పెట్టాను, అక్కడే డ్రిల్ చెయ్. కుర్చీలో కూర్చుంటే సరిగ్గా నా నోటి ఎత్తు అది. ఈ ఆర్మ్ పక్కలకే తిరుగుతుంది, పైకి లేవదు. షాపులో అలాంటిదే కావాలని అడిగి మరీ తెచ్చాను.

ఎందుకో నీకు తెలుసు. మొన్న నేను పన్ను పీకించుకుని ఇంటికొచ్చేసరికి పాత ఆర్మ్ నిటారుగా నిలబడి ఉంది. ఈ ఇంట్లో నాకంటే జానెడు పొడుగున్నది నువ్వొక్కదానివే. నా చెంప వాచిపోతే, నేను చదవాల్సిన సబ్బు ప్రకటన నువ్వు చదివి ఏజెన్సీ ఆయనకి పంపేశావు. అక్కకి సాయం చేద్దామనుకున్నావు కాబోలు. ఎంత మంచిదానివమ్మా!

గోడ దుమ్ము బాగా లేస్తుంది. తలుపేసుకుని పని చెయ్, హాల్లోకి రానివ్వకు. ఫ్లాస్కులో వేడినీళ్లు పోసి పెట్టాను, నీకే.

అక్క

అన్నట్టు, నువ్వు నిద్రలో ఉండగా ఏజెన్సీ ఆయన ఫోన్ చేశాడు. ఇకమీదట అన్నీ నీ గొంతుతోనే కావాలట. నీ గొంతు పూర్తిగా పోయిందని, ఇక బాగుపడదని చెప్పాను. మళ్లీ చేస్తే ఎత్తి దగ్గు. నమ్మేలా దగ్గు. గొంతులో అంత భావం పలికిస్తావని ఆయనే మెచ్చుకున్నాడుగా.