గోదాము కొట్టేసి కూరగాయలు అని రాయండి

మేనేజరు గారికి,

నమస్కారం. నా భార్య పోయాక నెలన్నర పనికి రాకపోయినా నా ఉద్యోగం ఉంచారు. మన షాపు బిల్లింగు కౌంటరులో ఇక నిలబడలేనంటే కారణం అడగకుండా వేరే విభాగం ఎంచుకోమన్నారు. రెండింటికీ కృతజ్ఞుణ్ణి.

గోదాము కావాలని రాసిచ్చాను. ఆమె రోజూ మధ్యాహ్నం నాకు క్యారియరు తెచ్చేది. పాత కస్టమర్లంతా ఆమెను ఎరుగుదురు, ఏదని అడుగుతారు. గోదాములో బస్తాలు ఏమీ అడగవు. అక్కడ ఖాళీ వచ్చేదాకా మీరు నన్ను కూరగాయలు, పళ్ల దగ్గర వేశారు.

మొదటిరోజు ఆపిల్ పళ్లన్నీ స్టిక్కర్లు పైకి కనబడేలా తిప్పి పేర్చాను. గంట పట్టింది. అక్కడ పనిచేసే పెద్దావిడ చూసి, "ఏం తమ్ముడూ, వీటికి కూడా బిల్లు కొడతావా? జనానికి రంగు కనబడాలయ్యా, చీటీ కాదు!" అంటూ అందరినీ పిలిచి చూపించింది. నేనూ నవ్వేశాను. నా భార్య పోయాక నేను నవ్వడం అదే మొదటిసారి.

కౌంటరులో నాకు అలవాటైన ముసలాయన ఒకరు నిన్న కూరగాయలకొచ్చి, "మీ ఆవిడ కనబడట్లేదేం బాబూ? కులాసాయేనా?" అన్నారు. పోయిందని చెప్పాను. ఆయన నా చెయ్యి పట్టుకుని కాసేపు నిలబడ్డారు. ఈలోగా పెద్దావిడ నేను సర్దాల్సిన బుట్ట కూడా తనే సర్దేసింది. ఆ మాట చెప్పడం నేను భయపడినంత కష్టం కాలేదు.

దయచేసి నా కాగితంలో గోదాము కొట్టేసి కూరగాయలు అని రాయండి. రేపటి నుంచి ఆకుకూరలు నాకు అప్పజెబుతానంది పెద్దావిడ. తలుపులు తీయకముందే వచ్చి తడిపి పెట్టాలట. వస్తాను.

ఇట్లు,
మీ పాత బిల్లింగు కౌంటరు ఉద్యోగి